మా టీచరమ్మ, ఆవిడ గురువుగారు

మా టీచరమ్మ పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు నలుగురిలో పడటం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఇప్పుడు ఆవిడ లేరు కదా అని ఆ మాట దాటడం నాకు ఇష్టం లేదు. ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో పుట్టి, చదువయ్యాక న్యూయార్క్ చేరి, పుస్తకాల ప్రూఫులు దిద్దుకుంటూ బతికిన అమెరికన్ ఆవిడ. నాకు చైనా వాళ్ళ యుద్ధవిద్య తాయ్ చీ నేర్పింది ఆవిడే. తెనాలి నుంచి వెళ్ళినవాడు అమెరికాలో ఒక తెల్లావిడ దగ్గర చైనా విద్య నేర్చుకోవడం ఏమిటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. పెళ్ళిళ్ళలో, భోజనాల దగ్గర ఒకటి రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటూ వచ్చాను. ఈసారి తీరిగ్గా చెప్తాను. ఆవిడ గురించి చెప్పాలంటే, ఆవిడకంటే ముందూ ఆవిడతోపాటూ చైనా గురువుల ఎదుట నిలబడి "మాకూ నేర్పండి" అని అడిగిన పాశ్చాత్యుల గురించి కూడా చెప్పాలి. వాళ్ళ గురించి నేను తెలుగులో చదివింది చాలా తక్కువ.

నేను న్యూయార్క్ వచ్చింది 1980ల మొదట్లో. క్వీన్స్‌లో ఎల్మ్‌హర్స్ట్ అనే పేటలో అద్దెకుండేవాళ్ళం. మా పై అంతస్తులో తైవాన్ కుటుంబం, కింద కొలంబియా వాళ్ళు. ఆదివారం ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడికి వెళ్తే నాలుగు తెలుగు మాటలు చెవిన పడేవి. డ్రాఫ్టింగ్ బల్ల మీద రోజంతా వంగి గీతలు గీసే ఉద్యోగం నాది. రెండో శీతాకాలానికల్లా నడుము పట్టేసింది. మందులు మింగినా, వేడినీళ్ళ కాపడం పెట్టినా తగ్గలేదు. పై ఇంటి తైవాన్ ఆవిడ మెట్ల మీద కనిపించినప్పుడల్లా తాయ్ చీ చెయ్యమని పోరుపెట్టేది.

చైనా విద్య అంటే నాకు తెలిసింది బ్రూస్ లీ ఒక్కడే. కాలేజీ రోజుల్లో తెనాలిలో ఆయన సినిమా పోస్టరు ముందు సైకిళ్ళు ఆపి నిలబడ్డ బ్యాచ్ మాది. ఆయన చనిపోయింది 1973లో. మా ఊరికి ఆయన సినిమాలు వచ్చింది ఆ తర్వాతే. అప్పటికే లేని మనిషిని చూసి ఊళ్ళో పిల్లలంతా గాల్లోకి కాళ్ళు విసిరేవాళ్ళు. అలాంటి నాకు, పార్కులో ముసలివాళ్ళు నిదానంగా చేతులు తిప్పేది కూడా ఆ కుటుంబంలోదే అంటే నమ్మబుద్ధి కాలేదు. తైవాన్ ఆవిడే ఒక చీటీ మీద అడ్రసు రాసిచ్చింది. "మా వాళ్ళ దగ్గరికి వెళ్తే నీకు భాష కుదరదు. ఈవిడ ఇంగ్లీషులో చెప్తుంది. ఈవిడ గురువు మా తైపేలో చాలా పేరున్న మనిషి" అంది.

గ్రీనిచ్ విలేజ్‌లో ఒక చర్చి కింద హాలు. పాత చెక్క నేల, గోడవారగా మడత కుర్చీలు. యాభై దగ్గర పడుతున్న ఒకావిడ, పొట్టిగా, కత్తిరించిన నెరిసిన జుట్టుతో, నల్ల గుడ్డ బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి అందరినీ పేరుపెట్టి పలకరిస్తున్నారు. అందరూ ఆవిడనీ పేరుపెట్టే పిలుస్తున్నారు. గురువుని పేరుపెట్టి పిలవడం నాకు చేతకాలేదు. "టీచర్" అన్నాను. చివరిదాకా అదే పిలుపు. ఇంట్లో మా ఆవిడ దాన్ని టీచరమ్మ చేసింది.

మొదటి రోజు ఆవిడ నాకు నేర్పింది నిలబడటం. అంతే. కాళ్ళు భుజాల ఎడంలో పెట్టి, మోకాళ్ళు కొంచెం సడలించి, వెన్ను నిటారుగా, భుజాలు వదిలేసి నిలబడాలి. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనుకునేలోపే తొడలు వణకడం మొదలైంది. వారానికి ఒక భంగిమ, ఒక్కోసారి రెండు వారాలకి ఒకటి. చేతులు పైకెత్తి దించడం, కొంగ రెక్కలు విప్పడం, ఒంటి కొరడా, మబ్బుల్లా చేతులు తిప్పడం, పులిని కౌగిలించుకుని కొండకి మళ్ళడం... మొత్తం 37 భంగిమల వరస. దాన్ని ఫారమ్ అంటారు. చివరిదాకా రావడానికి ఏడాది దాటింది. ఆలోపు నడుము నొప్పి ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

ఫారమ్ అయ్యాక పుషింగ్ హ్యాండ్స్. నాకు అసలు విద్య తెలిసింది అక్కడే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఆనించుకుని, ఒకరు తోస్తే ఒకరు తప్పుకుంటూ, తప్పుకుంటూనే తిరిగి తోస్తూ గుండ్రంగా కదలాలి. పాదం కదిలితే ఓడినట్టు. బలం వాడకూడదు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో, ఎటు మళ్ళబోతోందో ముంజేతి చర్మంతోనే తెలుసుకోవాలి. నేను ఆవిడకంటే అడుగు పొడవు, వయసులో చిన్నవాణ్ణి. మొదటిసారి ఆవిడ చేతి మీద నా చెయ్యి ఆనించి తోశాను. చెరువులో ఖాళీ బిందెని అదిమితే అది పైకి తన్నుకొస్తుంది చూడండి, ఆ చెయ్యి అలా ఉంది. గట్టిగా లేదు, మెత్తగానూ లేదు. ఇంకొంచెం తోశాను. ఎదర ఎవరూ లేరు. ఆవిడ నడుము కొద్దిగా తిరిగింది, నా బరువు నాకే అడ్డం పడింది. రెండు అడుగులు ముందుకి తూలి గోడ పట్టుకున్నాను. నాలుగు ఔన్సులతో వెయ్యి పౌండ్లని మళ్ళించడం అని చైనా పాత గ్రంథాల్లో ఉందట. అప్పటిదాకా అది కవిత్వం అనుకున్నాను.

నాకు ఎక్కువ గుర్తున్నది ఇంకోటి. కొత్త విద్యార్థి ఎవరైనా పొరపాటున సరిగ్గా తోస్తే ఆవిడ నిజంగానే వెనక్కి పోయేవారు. ఆగడానికి బలం వాడేవారు కాదు. వెనక్కి పోయి నవ్వేవారు, మళ్ళీ చెయ్యి అందించేవారు. "మా ప్రొఫెసర్ ఓటమిలోనే పెట్టుబడి పెట్టమన్నారు. గెలవాలని బిగుసుకుంటే నాకు ఏ కొత్త సంగతీ తెలియదు" అనేవారు. అన్నేళ్ళు నేర్పిన మనిషి, నిన్న చేరిన పిల్లవాడి చేతిలో ఓడిపోయి సంతోషించడం నేను అంతకుముందు ఏ విద్యలోనూ చూడలేదు.

ప్రొఫెసర్ అంటే చెంగ్ మన్‌చింగ్. ఆయన న్యూయార్క్ శిష్యులందరూ ఆయన్ని ఆ మాటతోనే పిలిచేవారు. చైనా తూర్పు తీరంలో వెంజౌ ప్రాంతంలో 1902లో పుట్టారు. చిత్రకళ, కవిత్వం, కుంచెరాత, వైద్యం, తాయ్ చీ, ఈ ఐదింటిలోనూ ఆరితేరినవాడని చైనా వాళ్ళు గౌరవించేవారు. షాంఘైలో బొమ్మలు నేర్పుతూ ఉండగా క్షయ పట్టుకుంది. తాయ్ చీ వల్లే బతికి బయటపడ్డానని ఆయనే చెప్పుకున్నారు. ఆయన గురువు యాంగ్ చెంగ్‌ఫు. ఈ యాంగ్ గారి తాత యాంగ్ లూచాన్, హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ళ పల్లెలో ఈ విద్య సంపాదించి 19వ శతాబ్దంలో పెకింగ్‌కి తెచ్చారు. 1949లో కమ్యూనిస్టులు గెలిచాక చెంగ్ తైవాన్ వెళ్ళిపోయారు. యాంగ్ వాళ్ళ పొడవాటి వరసని 37 భంగిమలకి కుదించింది ఆయనే. సడలింపు, నిటారు వెన్ను, ఒక కాలి మీదే పూర్తి బరువు, నడుముతో తిరగడం, మణికట్టు మడవకుండా చెయ్యి అందంగా ఉంచడం, ఈ ఐదూ వదలొద్దనేవారట. మా టీచరమ్మ అవే ఐదు మాటలు మాకు రోజూ చెప్పేవారు. కొత్తది ఒక్కటి కూడా చేర్చలేదు.

చెంగ్ 1964లో న్యూయార్క్ వచ్చి చైనాటౌన్‌లో నేర్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత బవరీ వీధిలో షర్ జుంగ్ అనే పాఠశాల. బవరీ అంటే అప్పట్లో తాగుబోతులు, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు పేవ్‌మెంటు మీద పడుకునే వీధి. మా టీచరమ్మ ఒక స్నేహితురాలి వెంట అక్కడికి వెళ్ళింది 1960ల చివర్లో. వియత్నాం యుద్ధం నడుస్తోంది. జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు, సైన్యంలోకి ఎప్పుడు పిలుస్తారో అని టెన్షన్ పడేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, డాన్సర్లు, ఏ ఉద్యోగంలోనూ కుదురుకోనివాళ్ళు అక్కడ చేరారు. పొడుగు చైనా అంగీ వేసుకున్న చిన్నపాటి పెద్దాయన వాళ్ళ మధ్య తిరుగుతూ ఒకరి మోచెయ్యి, ఒకరి నడుము సరిచేస్తుండేవారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. శిష్యుల్లో ట్యామ్ గిబ్స్, ఎడ్ యంగ్ లాంటివాళ్ళు అనువాదం చేసేవారు. ఎడ్ యంగ్ పిల్లల పుస్తకాల బొమ్మల కళాకారుడు. చైనాలో పుట్టి అమెరికా వచ్చినవాడు. తర్వాత 1990లో అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకి ఇచ్చే పెద్ద బహుమతి కాల్డెకాట్ ఆయనకి వచ్చింది. మ్యాగీ న్యూమన్ అనే డాన్సర్ మొదటి వరస శిష్యుల్లో ఒకరు.

అక్కడ తాయ్ చీ ఒక్కటే కాదు, కుంచెరాత, చైనా తత్వవేత్తలు కన్‌ఫ్యూషియస్, లావోజు మీద ఉపన్యాసాలు, జబ్బుపడ్డవాళ్ళకి మూలికల చీటీలు అన్నీ ఉండేవి. మా టీచరమ్మ సిరా నూరడం అక్కడే నేర్చుకున్నారు. ప్రూఫులు దిద్దే ఆవిడకి అక్షరం అంటే మొదటినుంచీ ప్రాణం. ఇంట్లో ఒక గోడంతా ఆవిడ రాసిన చైనా అక్షరాలే. బాగాలేనివి కూడా తీసేసేవారు కాదు.

చైనాటౌన్ పెద్దల్లో కొందరికి ఇదంతా నచ్చలేదు. వాళ్ళని సంకుచితులు అనేసి ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్ళ బాధకి చరిత్ర ఉంది. 1882లో అమెరికా చట్టం చేసి మరీ చైనా కూలీలు రాకుండా తలుపు మూసింది. ఆ చట్టం 1943 దాకా ఉంది. తీసేశాక కూడా ఏడాదికి 105 మందికే చోటు. మన దేశానికి 1946లో ఇచ్చింది 100. పశ్చిమ తీరంలో చైనా పేటల మీద మూకలు దాడులు చేసిన రోజులున్నాయి. బయటికెళ్తే దెబ్బలు, లోపల నాలుగు వీధులు. ఆ నాలుగు వీధుల్లో తమను తాము కాపాడుకోవడానికి సంఘం గదుల్లో నేర్చుకున్న విద్య కుంగ్ ఫూ. దాన్ని కొట్టినవాళ్ళ పిల్లలకే నేర్పడమా అని ముసలివాళ్ళు అడిగితే అది ఉత్త మొండితనం ఎలా అవుతుంది? నన్ను కూడా ఆ దేశంలోకి రానిచ్చింది 1965 నాటి వలస చట్టమే. అందుకే ఈ సంగతి చదివినప్పుడు అది ఎవరిదో చరిత్ర అనిపించలేదు.

అయినా కొందరు గురువులు తలుపు తీశారు. లాస్ ఏంజెలెస్‌లో ఆర్క్ వాంగ్ అనే పెద్దాయన 1960ల్లో చైనా వాళ్ళు కానివాళ్ళకి బాహాటంగా నేర్పడం మొదలుపెట్టారు. సియాటిల్‌లో ఆ పని చేసింది బ్రూస్ లీ, ఇంకా సినిమాల పేరు లేని రోజుల్లో. ఈ కథ నాకు మొదట చెప్పింది మా క్లాసులో ఉన్న ఒక నల్లజాతి సహాధ్యాయి. ఆయన సొంతూరు సియాటిల్. ప్రతి శనివారం క్లాసయ్యాక మేమిద్దరం కాఫీ తాగేవాళ్ళం. నేను బ్రూస్ లీ గురించి మాట్లాడితే ఆయన జెస్సీ గ్లోవర్ గురించి మాట్లాడేవాడు.

జెస్సీ గ్లోవర్ సియాటిల్ నల్లజాతి యువకుడు. చిన్నతనంలో తాగిన పోలీసు ఒకడు కొట్టిన దెబ్బకి దవడ విరిగింది. తనను తాను కాపాడుకోవాలనే పట్టుదల అప్పుడే పుట్టింది. జూడో నేర్చుకున్నాడు. 1959లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రదర్శన ఇస్తుంటే చూశాడు. ఆ కుర్రాడు ఇప్ మన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే కుంగ్ ఫూ పద్ధతి నేర్చుకున్నవాడు, రూబీ చౌ హోటల్లో ప్లేట్లు అందిస్తూ చదువుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే బడికి వెళ్తున్నారని, ఇళ్ళు కూడా దగ్గరేనని తెలిసింది. గ్లోవర్ వెళ్ళి నేర్పమని అడిగాడు. అలా బ్రూస్ లీకి అమెరికాలో మొదటి శిష్యుడు ఒక నల్లజాతి మనిషి అయ్యాడు. ఆ తర్వాత చేరిన గుంపులో తెల్లవాళ్ళున్నారు, నల్లవాళ్ళున్నారు, జపాన్ మూలాల వాళ్ళున్నారు. వాళ్ళలో టాకీ కిమురా రెండో ప్రపంచ యుద్ధంలో కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో గడిపిన మనిషి. వీళ్ళంతా కార్లు ఆపే ఖాళీ స్థలాల్లో సాధన చేశారు. 1964లో బ్రూస్ లీకీ, వాంగ్ జాక్ మన్ అనే ఇంకో కుంగ్ ఫూ గురువుకీ ఓక్లండ్‌లో జరిగిన పోటీ, బయటివాళ్ళకి నేర్పడం మీద వచ్చిన గొడవేనని ఒక వైపువాళ్ళు చెప్తారు, కాదని రెండో వైపువాళ్ళు చెప్తారు. మా సహాధ్యాయికి మాత్రం ఆ పోటీ మీద ఆసక్తి లేదు. "పోలీసు చేతిలో దెబ్బ తిన్న పిల్లాడు వెళ్ళి అడిగాడు, అవతలివాడు సరే అన్నాడు. నాకు అది చాలు" అనేవాడు.

ఆ శనివారం కబుర్ల తర్వాతే నాకు ఈ తొలి శిష్యుల మీద పిచ్చి పట్టింది. బ్రాడ్‌వే మీద స్ట్రాండ్ పాత పుస్తకాల షాపులో వెతుక్కునేవాణ్ణి. ఒకరోజు సోఫియా డెల్జా 1961లో వేసిన తాయ్ చీ పుస్తకం దొరికింది. ఇంగ్లీషులో ఈ విద్య మీద వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. డెల్జా న్యూయార్క్ ఆధునిక నృత్య కళాకారిణి. 1948 నుంచి 1951 దాకా షాంఘైలో ఉండి, తాయ్ చీలో వూ పద్ధతి నేర్పే మా యూలియాంగ్ అనే గురువు దగ్గర నేర్చుకున్నారు. ఆ మూడేళ్ళలో షాంఘైలో ప్రభుత్వమే మారిపోయింది. ఊరు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తుంటే ఈవిడ ఫారమ్ నేర్చుకుంటున్నారు! తిరిగి వచ్చి 1954లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో తాయ్ చీ ప్రదర్శించారు, తర్వాత ఐక్యరాజ్యసమితిలో పనిచేసేవాళ్ళకి నేర్పారు. ఆ పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్న ఏకలవ్య శిష్యులు అమెరికాలో ఎంతమందో.

అదే షాంఘైలో అవే రోజుల్లో ఇంకో డాన్సర్ ఉంది. గెర్డా గెడ్డెస్, నార్వే ఆవిడ. యుద్ధకాలంలో నాజీలకి వ్యతిరేకంగా పనిచేసింది. షాంఘైలో ఒక పొద్దున ఒక ముసలాయన తాయ్ చీ చెయ్యడం చూసి కదిలిపోయింది. అప్పుడు నేర్చుకోవడం కుదరలేదు. తర్వాత హాంకాంగ్‌లో చోయ్ హాక్ పాంగ్ దగ్గర, ఆయన కొడుకు చోయ్ కామ్ మన్ దగ్గర నేర్చుకుంది. ఇంగ్లండ్ వెళ్ళాక లండన్ కంటెంపరరీ డాన్స్ స్కూల్లో ఏళ్ళ తరబడి నేర్పింది. బ్రిటన్‌కి తాయ్ చీ తెచ్చింది ఆవిడేనని చెప్పుకుంటారు.

సినిమాలు చూసి పెరిగిన నాకు ఇది పెద్ద ఆశ్చర్యం. చైనా యుద్ధవిద్య పాశ్చాత్యులకి చేరింది కండలు తిరిగిన మగవాళ్ళ ద్వారా మాత్రమే అనుకుంటాం. ముందు వరసలో ఇద్దరు నృత్యకారిణులున్నారు. ఒంటితో ఆలోచించడం అలవాటైనవాళ్ళు కాబట్టి, పార్కులో ముసలాయన చేతుల్లో ఏముందో వాళ్ళకి చూడగానే తట్టింది.

రాబర్ట్ డబ్ల్యూ. స్మిత్ సంగతి వేరు. ఆయన బాక్సింగ్, జూడో మనిషి, సీఐఏ ఉద్యోగి. 1959 నుంచి 1962 దాకా తైవాన్‌లో పనిచేశారు. పగలు ఆఫీసు, మిగతా టైమంతా గురువుల వేట. చెంగ్ మన్‌చింగ్ తొలి పాశ్చాత్య శిష్యుల్లో ఆయనొకరు. అంతటితో ఆగలేదు. బాగువా, షింగ్ యి అనే వేరే చైనా యుద్ధవిద్యల గురువులనీ వెతుక్కుంటూ వెళ్ళారు. చూసింది చూసినట్టు రాసుకున్నారు. 1967లో చెంగ్‌తో కలిసి తాయ్ చీ పుస్తకం తెచ్చారు, 1974లో తైవాన్ గురువుల మీద తన పెద్ద పుస్తకం వేశారు. తర్వాత వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో వైఎంసీఏలో ఏళ్ళపాటు నేర్పారు. 2011లో పోయారు. ఆయన అభిప్రాయాలు కొన్ని మరీ ఘాటుగా ఉంటాయి, నచ్చనివాళ్ళని చీల్చి చెండాడతారు. అయినా ఆయన రాతలు నాకు విలువైనవి. ఆ గురువుల్లో చాలామంది 1949లో అన్నీ వదులుకుని తైవాన్ చేరినవాళ్ళు. సొంతూళ్ళో ఉన్న శిష్యులు దూరమయ్యారు. వాళ్ళ ముఖాలూ పద్ధతులూ ఒక అమెరికన్ నోటుపుస్తకంలోకి ఎక్కి మిగిలాయి.

ఇన్ని కథలు చదివాక నాకు అర్థమైంది ఇది. తలుపు తట్టినవాడూ తీసినవాడూ ఇద్దరూ తమ ఊరికి దూరమైనవాళ్ళే. చెంగ్ వెంజౌ వదిలారు, చోయ్ హాంకాంగ్‌లో నేర్పారు, బ్రూస్ లీ సముద్రం దాటాడు. ఇటు చూస్తే గ్లోవర్ తన సొంత నగరంలోనే పరాయివాడు. గెడ్డెస్ దేశాలు మారుతూ తిరిగింది. మా టీచరమ్మ తన ఊళ్ళో ఇమడలేక వచ్చేసింది. గురువుకి ఊరూ వంశమూ అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు బయటివాణ్ణి చేర్చుకోవాల్సిన అవసరం రాదు. అవన్నీ చెదిరాక, వచ్చినవాడు ఎవరని కాక, నిలబడి నేర్చుకుంటాడా లేదా అని చూశారు. కష్టం వల్ల మంచి జరిగిందని నేను అనను. ఆ కష్టంలో కూడా విద్యని దాచుకోకుండా పంచారు, దానికి నేను రుణపడి ఉన్నాను.

మన వైపు నుంచి ఒక మాట. చైనా యుద్ధవిద్య అనగానే మనవాళ్ళు "బోధిధర్ముడు కంచి నుంచి వెళ్ళి నేర్పాడు కదా" అంటారు. నేనూ గర్వంగా మా టీచరమ్మతో ఆ మాట అన్నాను. ఆవిడ కాదనలేదు, ఔననలేదు. మరుసటి వారం ఒక వ్యాసం జిరాక్స్ తీసి తెచ్చిచ్చారు. బోధిధర్ముడికి అంటగట్టిన ఆ వ్యాయామ గ్రంథం నిజానికి 17వ శతాబ్దం నాటిదని చైనా చరిత్రకారుడు టాంగ్ హావ్ ఎప్పుడో తేల్చారని అందులో ఉంది. "నీ వాళ్ళకి వేరే గొప్పలు చాలా ఉన్నాయి కదా, మీ ఊళ్ళో ఏం నేర్పేవారో అది చూపించు" అన్నారు. మా తాతగారు తాలీంఖానాలో కర్రసాము చేసిన మనిషి. నాకు చిన్నప్పుడు నేర్పిన నాలుగు తిప్పులు గుర్తున్నాయి. చర్చి హాల్లో చీపురు కర్రతో అవే తిప్పాను. ఆవిడ ఆ నాలుగూ నేర్చుకునేదాకా నన్ను వదల్లేదు.

ఒక గురుపూర్ణిమకి పళ్ళెంలో పళ్ళు, మంగళగిరి చీర పెట్టి ఇచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆవిడ కంగారుపడి నన్ను లేపి, ఈ పండగ ఏమిటో మొత్తం చెప్పించుకున్నారు. చీర కట్టుకోవడం తనవల్ల కాదని చెప్పి, నా అనుమతి అడిగి, ఆ గుడ్డతో ప్రాక్టీసుకి రెండు పైజామాలు కుట్టించుకున్నారు. జరీ అంచు చీలమండల దగ్గరకి వచ్చింది. అవి చిరిగేదాకా వేసుకున్నారు.

చెంగ్ 1975 మార్చిలో తైవాన్‌లో చనిపోయారు. ఆ కబురు బవరీకి వచ్చిన రోజుల గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడేవారు కాదు. గురువు తర్వాత ఎవరు అనే మాట ఏ పాఠశాలలోనైనా వస్తుంది, వాళ్ళు కూడా చీలి ఎవరికి వాళ్ళు క్లాసులు పెట్టుకున్నారు. ఆవిడ ఏ పక్షమూ చేరలేదు. చర్చి హాలు అద్దెకి తీసుకుని, నేర్చుకున్నది నేర్పారు. తాయ్ చీ ముసలివాళ్ళ వ్యాయామం మాత్రమే అనే మాట వింటే మాత్రం ఆవిడకి కోపం వచ్చేది. ఫారమ్ నేర్పి పుషింగ్ హ్యాండ్స్ నేర్పకపోవడం సగం వంట పెట్టడం అనేవారు. ఆ విషయంలో నాదీ అదే మాట. నిదానంగా చేతులు తిప్పితే ఆరోగ్యం వస్తుంది, కానీ ఎదుటి మనిషి చెయ్యి ఆనకుండా ఆ విద్య పూర్తి కాదు. యునెస్కో 2020లో తాయ్ చీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు నేను మొదట తలుచుకున్నది ఆవిడనే. అప్పటికి ఆవిడ పోయి కొన్నేళ్ళైంది. చివరి రోజుల్లో నిలబడలేకపోయేవారు. కుర్చీలో కూర్చునే నా ముంజేతి మీద చెయ్యి వేసి, బిగుసుకున్నానో లేదో చూసేవారు.

ఇప్పుడు నేను న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాను. శనివారం పొద్దున పార్కులో నాలాంటి రిటైరైనవాళ్ళూ, పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు అమ్మలూ నాన్నలూ కొందరు చేరుతారు. ఫీజు లేదు. నేను గురువుని కాను, ఆ మాట మొదటే చెప్తాను. ఆవిడ నేర్పిన వరసలో, ఆవిడ చెప్పిన ఐదు మాటలతో చేయిస్తాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కొంచెం పైకి నిలబడమంటాను. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు గురుపరంపర చెప్పడం అలవాటు చేసుకున్నాను. యాంగ్ లూచాన్, ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు, ఆయన శిష్యుడు చెంగ్ మన్‌చింగ్, ఆయన శిష్యురాలు మా టీచరమ్మ.

పోయిన నెల నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంతా విని, "చివరావిడ కూడా చైనా ఆవిడేనా అండీ?" అని అడిగారు.

"కాదండీ, ఒహాయో" అన్నాను.

"మరి ఆవిడకి ఎవరు నేర్పనిచ్చారు?" అన్నారు.

ఆ రోజు క్లాసు అరగంట ఆలస్యంగా మొదలైంది.